దెయ్యం ఎవరి తరఫున మాట్లాడుతుంది?

ఆ మధ్య శ్రీకాకుళంలో ఒక చిన్న సాహిత్య సమావేశం జరిగింది. తెలుగు ఎం.ఏ. చదువుతున్న విద్యార్థిని ఒకామె లేచి, "భార్యాభర్తల గొడవల మీద ఇన్ని దెయ్యం సినిమాలు వస్తున్నాయి కదా, వాటి గురించి మన విమర్శకులు ఎందుకు రాయరు?" అని అడిగింది. వేదిక మీదున్న మిత్రుడొకరు "అవి మూఢనమ్మకాలమ్మా, వాటికి విమర్శ దేనికి?" అని ఒక్క మాటతో తేల్చేశారు. ఆ అమ్మాయి కూచుండిపోయింది. నేనూ ఆ పూట నోరు మెదపలేదు. ఆ మౌనానికి సంజాయిషీగా ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెబుతాను. సంసారం కథలోకి దెయ్యం వచ్చిందంటే, ఆ సంసారంలో ఎవరికో జరిగిన అన్యాయం ఒకటి వుందని అర్థం. ఆ అన్యాయాన్ని బయటపెట్టడానికి దెయ్యాన్ని వాడుకోవచ్చు. పాతిపెట్టడానికీ వాడుకోవచ్చు. ఏ కథ ఏ పని చేస్తున్నదో తేల్చి చెప్పడమే విమర్శకుడి పని. దెయ్యం వుందా లేదా అన్నదగ్గరే మనం ఆగిపోతే ఆ పని ఎప్పటికీ మొదలు కాదు.

1

ఇలా ఆగిపోవడం మనకి కొత్త కాదు. 1980 దశకంలో వారపత్రికల నిండా చేతబడి నవలలు సీరియల్స్‌గా వచ్చాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వాటిలో ఎక్కువ పేరు పొందింది. అభ్యుదయ విమర్శకులు వాటికి 'క్షుద్ర సాహిత్యం' అని పేరుపెట్టి తీవ్రంగా ఖండించారు. ఆ ఖండన అవసరమే. చేతబడి నిజమేమో అనే అనుమానాన్ని లక్షలమంది పాఠకుల బుర్రల్లోకి ఎక్కించే రచనని వూరికే వదిలెయ్యకూడదు. అయితే ఆ ఖండన చాలావరకు అశాస్త్రీయతని పట్టుకున్నంత గట్టిగా కథలోని మనుషుల్ని పట్టుకోలేదు. ఆ ఇంట్లో ఆస్తి ఎవరిది, భయం ఎవరిది, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాట చెల్లదు అని అడగలేదు. అందుచేత పాఠకుడు మనం చెప్పిందంతా ఒప్పుకున్నాడు, ఒప్పుకుని మళ్ళీ అదే నవల చదివాడు. సినిమాకొచ్చేసరికి ఆ ఖండన కూడా లేకుండా పోయింది.

కాబట్టి ఒక సినిమాని తీసుకుని, అందులో దెయ్యం చేసే పనేమిటో వివరంగా చూద్దాం.

2

2002 ఫిబ్రవరిలో హిందీలో 'రాజ్' అనే సినిమా విడుదలైంది. దర్శకుడు విక్రమ్ భట్. బిపాషా బసు, డినో మోరియా భార్యాభర్తలు. నేనప్పుడు విశాఖపట్నంలో చదువుకుంటున్నాను. ఆ యేడు బాగా డబ్బు చేసుకున్న హిందీ సినిమాల్లో అదొకటి. పాటలు కూడా ఊరంతా మోగాయి. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మా హాస్టల్ మిత్రులు కూడా దాన్ని రెండేసిసార్లు చూశారు.

కథ ఇది. సంజన, ఆదిత్య దంపతులు. భర్తకి పనే లోకం. భార్య ఒంటరితనం అతనికి కనపడదు. విడిపోయేదాకా వచ్చాక, చెడిన సంసారాన్ని బాగుచేసుకుందామని తాము ప్రేమించుకున్న ఊటీకే వెళ్ళి ఒక బంగళాలో దిగుతారు. అక్కడ సంజనకి ఏవేవో అరుపులు వినిపిస్తాయి, ఏవేవో కనిపిస్తాయి. ఆత్మల సంగతి తెలిసిన ప్రొఫెసరొకాయన (అశుతోష్ రాణా) ఆమెకి సాయానికి వస్తాడు. చివరికి తేలేదేమిటంటే, ఆదిత్య ఇంతకుముందు అదే ఊళ్ళో మాలిని అనే అమ్మాయితో సంబంధం పెట్టుకున్నాడు. అతనికి పెళ్ళయిందని తెలిసి ఆమె ప్రాణం తీసుకుంది. శవాన్ని గుట్టుగా అడవిలో పాతిపెట్టారు. ఆమె ఆత్మ పగ తీర్చుకోవడానికి తిరుగుతున్నది. సంజన ఆ శవాన్ని వెతికి పట్టుకుని దహనం చేస్తుంది. భర్త బతుకుతాడు. సంసారం నిలుస్తుంది.

ఈ కథకి ప్రేరణ 2000లో రాబర్ట్ జెమెకిస్ తీసిన హాలీవుడ్ సినిమా 'వాట్ లైస్ బినీత్'. అందులోనూ ఒక భార్య, ఒక భర్త, చనిపోయిన ఒక అమ్మాయి. భర్త ప్రొఫెసరు, అమ్మాయి విద్యార్థిని. అక్కడ కూడా భార్యకి ఇంట్లో ఏదో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. నిలదీస్తే భర్త, "సంబంధం వున్నమాట నిజమే. కానీ ఆమె తనంతట తనే చచ్చిపోయింది. నేను భయపడి శవాన్ని మాయం చేశానంతే" అనే తీరులో చెప్పుకొస్తాడు. సినిమా అక్కడితో ఆగదు. తర్వాత తేలుతుంది, అతను చెప్పింది అబద్ధమని. తన పరువూ ఉద్యోగమూ పోతాయని అతనే ఆ అమ్మాయిని చంపాడు. నిజం తెలిసిన భార్యని కూడా చంపబోతాడు. ఆఖరిలో చనిపోయిన అమ్మాయి ఆత్మ అతన్ని నీళ్ళలోకి లాగేస్తుంది, భార్య ప్రాణాలతో బయటపడుతుంది. సినిమా ముగిసేసరికి భార్య ఆ అమ్మాయి సమాధి దగ్గర నిలబడి వుంటుంది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. హాలీవుడ్ సినిమాలో భర్త చెప్పిన అబద్ధం ఏదో, బొంబాయి సినిమాలో అదే నిజం. "ఆమే చచ్చిపోయింది, నేను శవాన్ని దాచానంతే" అన్నది అక్కడ నేరస్థుడి బొంకు. ఇక్కడ అదే కథకి పునాది. కథ సముద్రం దాటి వచ్చేటప్పుడు హత్యానేరం భర్త మీద నుంచి జారిపోయింది. జారిపోయి ఎక్కడికి చేరింది? చచ్చిపోయిన పిల్ల మీదకి చేరింది. ఆమెని మనసు స్థిమితం లేని మనిషిగా, పట్టు వదలని మనిషిగా చూపించారు. భార్యా, చనిపోయిన అమ్మాయీ అక్కడ ఒకే మనిషి చేత మోసపోయిన ఇద్దరు స్త్రీలు. ఇక్కడ ఒకరికొకరు శత్రువులు. ఒకామె భర్త ప్రాణం కోసం రెండో ఆమె శవాన్ని తగలబెట్టాలి. యముడి వెంట నడిచి మొగుడి ప్రాణం తెచ్చుకున్న సావిత్రి కథకి పెట్రోలూ అగ్గిపెట్టే తోడయ్యాయి.

ఆ మార్పు ఎందుకు చేశారంటే వ్యాపారం అని ఒక్క మాటలో చెప్పొచ్చు. హీరో హంతకుడైతే టిక్కెట్టు కొన్నవాడు ఒప్పుకోడనే లెక్క అది. కానీ ఆ లెక్క వెనక ఇంకోటి వుంది. మొదటి భాగంలో సంజన ఒక ప్రశ్న అడిగింది. "నాకోసం నీ దగ్గర టైము ఏదీ?" అన్నది ఆ ప్రశ్న సారాంశం. 1991 తర్వాత కొత్త ఉద్యోగాలూ కొత్త వ్యాపారాలూ వచ్చి మధ్యతరగతి ఇళ్ళలో మొగుడు ఇంటికి చేరే వేళ మారిపోయింది. ఆ ఇళ్ళన్నిటిలోనూ వున్న ప్రశ్నే అది. దానికి సినిమా జవాబు చెప్పాలి. చెప్పాలంటే పనిగంటల గురించీ, డబ్బు గురించీ, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నదాని గురించీ మాట్లాడాలి. సరిగ్గా ఆ సమయానికి దెయ్యం దిగింది. ప్రేక్షకుడు భయంలో పడ్డాడు, ప్రశ్న మరుగున పడింది. సినిమా చివర దంపతులు కలిసే వున్నారు. అతను ఇకమీదట సాయంత్రం ఎన్నింటికి ఇంటికొస్తాడో మాత్రం మనకి తెలీదు.

దెయ్యాన్ని చూపించడం ఈ సినిమా తప్పు అని నేను అనడం లేదు. ఆ దెయ్యం చేత భర్త తరఫున వకాల్తా పుచ్చుకునేటట్టు చేయడం దాని తప్పు.

3

ఇదంతా బొంబాయి సరుకు, మనకెందుకు అనుకోవద్దు. చెడిన పెళ్ళికీ దెయ్యానికీ వున్న ఈ లావాదేవీని మన విజయనగరంలో కూచుని గురజాడ నూరేళ్ళకిందటే లెక్కగట్టి పెట్టారు.

'కన్యాశుల్కం' మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. మనం ఇవాళ చదువుతున్న పెద్ద నాటకం 1909 నాటి రెండో కూర్పు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో వెయ్యికి పైగా కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు జరిగినట్టు లెక్కతీశారనీ, వాటిలో అయిదేళ్ళు నిండని పసిపిల్లల పెళ్ళిళ్ళు కూడా వున్నాయనీ ఆ నాటకం పుట్టుక గురించి చదివినవాళ్ళకి తెలుసు. అంటే ఈ నాటకం పుట్టిందే చెడిన పెళ్ళిళ్ళ పట్టీలోంచి.

లుబ్ధావధాన్లు ముసలితనంలో డబ్బిచ్చి పిల్లని కొనుక్కుంటాడు. ఆ పిల్ల నిజానికి పిల్లే కాదు. మేనకోడలు సుబ్బిని ఈ ముసలాడి బారినుంచి తప్పించడానికి కరటకశాస్త్రి ఆడవేషం వేసి తెచ్చిన శిష్యుడు. పెళ్ళయ్యాక, ఆ పిల్లకి ఇంతకుముందే ఒక మొగుడుండి చచ్చిపోయాడన్న అనుమానం ముసలాడికి పట్టుకుంటుంది. ఇక నిద్రలో ఆ చచ్చిపోయిన మొగుడు దెయ్యమై వచ్చి మీద పడతాడు. గమనించండి, ముసలాడికి కలలో పెళ్ళికూతురు రాలేదు. తనచేతిలో పడి ఆ పసిపిల్ల ఏమైపోతుందన్న భయం అతనికి లేదు. పాత హక్కుదారుడు వచ్చి తన సొత్తు అడుగుతాడేమోనన్నది అతని భయం. కొనుక్కున్న సరుకు మీద ఇంకొకడి తాకట్టు వుందని తెలిసిన వ్యాపారి పడే భయం లాంటిది అది.

తరవాత 'పెళ్ళికూతురు' మాయమవుతుంది. పిల్లని చంపేశాడని లుబ్ధావధాన్ల మీద కేసు వస్తుంది. అప్పుడు ప్రవేశిస్తాడు గవరయ్య. అది మనిషి కాదు, పిశాచం అంటాడు. మంత్రం వేసి సీసాలో బిగించానంటాడు.

ఈ ఘట్టాన్ని మనం తరగతిలో హాస్యంగానే చెప్పి దాటేస్తుంటాం. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. కానీ గవరయ్య చేస్తున్న పనేమిటి? ఒక ఇంట్లోకి వచ్చిన కోడలు కనపడటం లేదు. ఏమైందని అడిగితే ఆ ఇంటి మగాడు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబుకి బదులుగా గవరయ్య ఒక సీసా చూపిస్తాడు. ఆడపిల్ల కనపడకపోతే ఆమె మనిషే కాదు, దెయ్యం అనెయ్యడం. దీన్ని మించిన వకాల్తా ఏ ప్లీడరు పుచ్చుకోగలడు? ఊటీ అడవిలో మాలిని శవానికీ గవరయ్య సీసాకీ నాకు పెద్ద తేడా కనపడదు. రెండింటిలోనూ మూతపడింది మగాడు జవాబు చెప్పవలసిన సంగతే.

తేడా రచయిత దృక్పథంలో వుంది. గురజాడ ఆ సీసా ఖాళీదని ముందే మనకి చూపించి పెట్టారు. మాయమైన పిల్ల ఎవరో, ఎలా పోయిందో ప్రేక్షకుడికి తెలుసు. గవరయ్య మంత్రాలు చదువుతుంటే ప్రేక్షకుడు దెయ్యాన్ని చూసి భయపడడు, దెయ్యం ఎవరికి అక్కరకొచ్చిందో చూసి నవ్వుతాడు. 'రాజ్' దర్శకుడు మన చేత సీసాలోకి తొంగిచూడనివ్వకుండా దాన్ని మన మొహం ముందు ఆడించాడు. దెయ్యాన్ని కథలో పెట్టడంలో వున్న రెండు పద్ధతులూ ఇవే.

4

మూడో పద్ధతి ఒకటుంది. అందులో దెయ్యం లేదంటారు, జబ్బు వుందంటారు. చదువుకున్నవాళ్ళకి ఇది నచ్చుతుంది కనుక దీని దగ్గర కొంచెం ఆగాలి.

1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' కన్నడంలో 'ఆప్తమిత్ర' (2004), తమిళంలో 'చంద్రముఖి' (2005), హిందీలో 'భూల్ భులయ్యా' (2007) అయింది. తమిళ 'చంద్రముఖి'ని డబ్బింగ్‌లో తెలుగువాళ్ళం విరగబడి చూశాం. గంగ అనే ఇల్లాలికి, ఎన్నడో రాజు చేతిలో నాశనమైన నర్తకి పూనుతుంది. వైద్యుడు వచ్చి ఇది దెయ్యం కాదు, మానసిక వ్యాధి అంటాడు. రాజుని చంపేశానన్న భ్రమ ఆమెకి కల్పించి నయం చేస్తాడు.

ఇక్కడ ఒక విశేషం వుంది. మలయాళంలో ఆ నర్తకి తంజావూరు నుంచి వచ్చిన తమిళ మనిషి. కన్నడంలోనూ తమిళంలోనూ ఆమె తెలుగు మాట్లాడుతుంది. హిందీలో బెంగాలీ మాట్లాడుతుంది. ఎవరికి వారు దెయ్యాన్ని పొరుగింటి భాషలోనే మాట్లాడించారు. తమిళ మూలంలో చంద్రముఖి విజయనగరం నుంచి తెచ్చిన మనిషి. అది హంపీ విజయనగరమో మన విజయనగరమో సినిమాకి పట్టింపు లేదు. మనకి అమ్మభాష అయినది అవతలివాళ్ళకి దెయ్యం భాష అయింది. ఇంటి ఆడది తన భాషలో కోపగించుకోవడం కుదరదు. ఆ కోపాన్ని ఎక్కడినుంచో వచ్చిన పరాయి ఆడదాని గొంతుకి అప్పగించాలి.

భర్త బయటికి వెళ్ళొద్దన్న ఒక్క మాటకి గంగ గొంతు మారిపోయే ఘట్టం ఈ కథలో అన్నిటికన్నా బలమైనది. చూసినవాళ్ళెవరూ మరచిపోరు. సినిమా దాన్ని రోగనిర్ధారణకి వాడుకుంది. వైద్యుడు తల పంకించాడు, మనమూ పంకించాం. వెళ్ళొద్దంటే ఆమెకి అంత కోపం ఎందుకొచ్చింది, ఆ కోపం ఎన్నాళ్ళదని ఎవరూ అడగలేదు. శాస్త్రం పేరుతో చేసినా పని మంత్రగాడిదే. గొంతు నొక్కడం.

మన తెలుగువాడు రాంగోపాల్ వర్మ 2003లో హిందీలో తీసిన 'భూత్' ఈ విషయంలో కొంత మేలు. అందులో భార్య ఒంట్లో చేరిన ఆత్మ హత్యకి గురైన స్త్రీది. ఆమె హంతకుడిని వెతుక్కుంటుంది, పట్టుకుంటుంది. చనిపోయిన స్త్రీ పట్ల నేరం జరిగిందని సినిమా ఒప్పుకుంది. అయితే నేరస్థుడు బయటివాడు. ఆ ఇంటి సంసారంలో లోటేమీ లేదు. మొగుడు మంచివాడు. అంటే అన్యాయాన్ని ఒప్పుకున్న సినిమా కూడా దాన్ని పక్క కాపురంలో చూపించింది గాని సొంత ఇంట్లో చూపించలేకపోయింది.

5

ఇంతవరకూ పుస్తకాలూ సినిమాలూ. ఇక నేను కళ్ళారా చూసింది చెబుతాను. నాకప్పుడు పదేళ్ళుంటాయి.

మా పెద్దమ్మ కూతుర్ని నేను అప్ప అంటాను. నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో ఇచ్చారు. బావ ఖరగ్‌పూర్‌లో పని. మా వైపు ఊళ్ళనుంచి ఎన్నో కుటుంబాలు తరాల కిందటే పొట్టచేత పట్టుకుని ఖరగ్‌పూర్ పోయాయి. బావ కూడా అలా వెళ్ళినవాడే. సంక్రాంతికొచ్చి నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవాడు. అప్పని తీసుకెళ్ళేవాడు కాదు. అక్కడ ఇంకో కాపురం వుందని ఊరంతా అనుకునేవాళ్ళు, అప్ప ముందు మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. ఆమె అత్తమామల పొలం పనీ గొడ్ల పనీ చూసుకుంటూ వుండేది. మావ ముందు కూచుని ఎరగదు. గట్టిగా మాట్లాడి ఎరగదు.

ఒక అమావాస్య మర్నాడు, అప్పకి గాలి పట్టిందని కబురొస్తే అమ్మతో నేనూ వెళ్ళాను. వాకిట్లో జనం. వేపమండలు, ఎండుమిరపకాయల పొగ. భూతవైద్యుడు "ఎవరివే నువ్వు?" అని అడుగుతున్నాడు. ఆ ఊళ్ళో అంతకు రెండేళ్ళ కిందట నూతిలో పడి చచ్చిపోయిన ఒక కోడలి పేరు చెప్పింది అప్ప. గొంతు అప్పది కాదు. "ఏటి కావాలి నీకు?" అన్నాడు. ఆ గొంతు చెప్పడం మొదలెట్టింది. "ఈ గుంటని ఎందుకు ఈడ ఉంచీసినారు? దాని మొగుడెక్కడున్నాడు? ఆడేటి సేస్తన్నాడో మీకు తెల్దా? ఇది సాకిరీ సెయ్యడానికొచ్చిందా, కాపరానికొచ్చిందా?" అంది. మావ, ఆ ఊళ్ళో నలుగురు మాట వినే మనిషి, చేతులు జోడించి "తప్పయిపోనాది తల్లీ, ఆడికి కబురెట్టేస్తాను" అన్నాడు. నేను అమ్మ వెనక నక్కి చూశాను.

కబురు వెళ్ళింది. బావ వచ్చాడు, వారం రోజులున్నాడు, వెళ్ళిపోయాడు. మరుసటి యేడు అప్పకి మళ్ళీ గాలి పట్టింది. ఈసారి వైద్యుడు ఏమీ అడగలేదు. వేపమండలతో కొట్టాడు. వీపు మీద వాతలు నేను చూశాను. ఆ తర్వాత అప్పకి మరెన్నడూ గాలి పట్టలేదు. నయమైపోయిందన్నారు.

చాలా యేళ్ళ తర్వాత, నేను మాస్టరీలో చేరాక, ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నిజంగా ఏం జరిగిందని. అప్ప కొంతసేపు బియ్యం ఏరుకుంటూ వూరుకుంది. "ఏటోరా, నాకేటీ గేపకం నేదు. ఆ దినం మావ నాకు దండం ఎట్టినాడు. అది మాత్రం గేపకముంది" అంది.

ఆ మాట విన్నాక దెయ్యం వుందా లేదా అన్న ప్రశ్న నాకు చాలా చిన్నదైపోయింది. ఆమె నటించిందని నేననుకోను. ఆమెకి పూనకం నిజమే. తన పేరుమీద తను మాట్లాడితే వినే మనిషి లేని ఇంట్లో, చచ్చిపోయిన ఇంకో కోడలి పేరుమీద మాట్లాడితే విన్నారు. ఒక్కసారి విన్నారు. రెండోసారికి ఆ పేరు కూడా పనికిరాలేదు. ఇది కూడా దెయ్యం కథే. అయితే ఇందులో దెయ్యం బతికున్న ఆడదాని తరఫున మాట్లాడింది. చనిపోయిన కోడలూ బతికున్న కోడలూ ఇందులో శత్రువులు కారు. 'రాజ్' తీసినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. మా నాగావళి ఒడ్డున చదువురాని ఆడవాళ్ళకి తెలుసు.

6

అలాగని పల్లెటూరి దెయ్యాన్ని నెత్తికెత్తుకోవాలని నేను చెప్పడం లేదు. అలా అనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు.

మా ప్రాంతంలో అకాలమృత్యువు పాలైన స్త్రీ దెయ్యమైనా అవుతుంది, పేరంటాలైనా అవుతుంది. ఏదవుతుందన్నది ఆమె ఎలా చచ్చిందన్నదాని మీదే కాదు, ఆమె ఎవరి ఇంటి ఆడపడుచు అన్నదాని మీద కూడా ఆధారపడి వుంటుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారు రాజుగారి చెల్లెలనీ, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాడని తెలిసి ప్రాణం విడిచిందనీ ఐతిహ్యం. ఏటా దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవానికి లక్షలమంది వస్తారు. నూతిలో పడి చచ్చిపోయిన కూలివాళ్ళ కోడలికి సిరిమాను లేదు. ఆమె చింతచెట్టు మీద వుంటుంది. పొద్దుగూకితే పిల్లలు అటు వెళ్ళరు. చావు తర్వాత కూడా వర్గభేదం చావలేదు.

దీనికి ఇంకో ముఖం చిల్లంగి. ఏజెన్సీలోనూ, దాన్ని ఆనుకున్న మైదానం పల్లెల్లోనూ చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన వార్తలు, చంపిన వార్తలు పత్రికల్లో చదువుతూనే వున్నాం. ఆ అనుమానం భూకామందు మీదకో వడ్డీవ్యాపారి మీదకో పోదు. వెనకాముందూ ఎవరూ లేని ముసలమ్మ మీదకో, దిక్కులేని ముసలాడి మీదకో పోతుంది. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే ఆస్పత్రి ఎందుకు దూరంగా వుందని అడగడం కన్నా పక్కింటి ముసలమ్మ కళ్ళు ఎందుకు ఎర్రగా వున్నాయని అడగడం తేలిక. మాలిని మీదకి నేరం ఎలా జారిందో, ముసలమ్మ మీదకి నేరం అలాగే జారుతుంది. సినిమాలో అది రెండున్నర గంటల వినోదం. వూళ్ళో అది ప్రాణం.

కాబట్టి అప్ప గొంతులో మాట్లాడిన దెయ్యమూ, ముసలమ్మని చంపించే దెయ్యమూ ఒకే నమ్మకంలోంచి పుట్టినవి. నమ్మకాన్ని ఎదిరించాలి, సందేహం లేదు. బడిలో నేను చేస్తున్న పని అదే. అయితే నమ్మకాన్ని తీసేసినప్పుడు దాని కింద దాగిన ఫిర్యాదుని కూడా చెత్తతోపాటు పారబోస్తే, అప్ప వీపు మీద వేపమండల వాతలకి మనమూ బాధ్యులమవుతాం.

7

ఇది చదివే యువరచయితలకి రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, సంసారం మీద కథ రాసేటప్పుడు దెయ్యం లేకుండానే రాయొచ్చు. మన చాసో రాసిన 'వాయులీనం' చూడండి. జబ్బుపడ్డ భార్యని బతికించుకోవడానికి భర్త ఆమె ఫిడేలు అమ్మేస్తాడు. అతను దుర్మార్గుడు కాడు. ఆ ఇంట్లో అరుపులు లేవు, నీడలు లేవు. ఫిడేలు వుండవలసిన చోట ఫిడేలు లేదు, అంతే. ఆ లేకపోవడమే చదివినవాడి వెంటపడుతుంది. బీదతనం ఏం తీసుకుపోతుందో, ఎవరి దగ్గర ముందు తీసుకుపోతుందో చెప్పడానికి చాసోకి చింతచెట్టు అక్కర్లేకపోయింది.

రెండోది, దెయ్యాన్ని పెట్టే రాయదలుచుకుంటే రాయండి. అది పాపమేమీ కాదు. మన జనం బతుకుల్లో దెయ్యం వుంది కనుక మన కథల్లోనూ వుంటుంది. కానీ కలం ఎత్తే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. ఈ దెయ్యం ఎవరికి జరిగిన అన్యాయం? ఇది మాట్లాడ్డం వల్ల ఎవరి నేరం బయటపడుతుంది? ఇది వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఏం మారింది? మొదటి రెండింటికీ జవాబుండి మూడోదానికి లేకపోతే మీ కథ 'భూత్' దగ్గర ఆగుతుంది. ఒక్కదానికీ జవాబు లేకపోతే మీరు గవరయ్య సీసాకి బిరడా బిగిస్తున్నారన్నమాట.

ఆ సమావేశంలో ప్రశ్న అడిగిన విద్యార్థిని పేరు నేను అడగలేదు. ఈ సంచిక ఆమె చేతికి అందుతుందనుకుంటాను. అమ్మా, ఆ రోజు నీకు చెప్పవలసిన జవాబు ఇది. దెయ్యం సినిమాల మీద విమర్శ రాయాల్సిందే. మేము రాయలేదు, నువ్వు రాయి. మా అప్ప లాంటివాళ్ళు మీ ఊళ్ళోనూ వుంటారు. ముందు వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పింది పూర్తిగా విని, ఆ తర్వాత రాయి.